అన్ని మైకులూ ఆగిన పూట

మైకాయన అంటే మైకులు అద్దెకిచ్చే ఆయన అనుకునేరు. కాదు. చట్టాలు చేసే పెద్ద సభ ఉంటుంది చూడండి, అందులో ఎవరు లేచి మాట్లాడితే వాళ్ళ మైకు పెట్టి, అయిపోగానే ఆపేసే ఆయన. అసలు పేరు పెళ్ళప్పుడొకసారి, ఉద్యోగంలో చేరినప్పుడొకసారి తప్ప ఎవరూ పలికినట్టు లేదు. సభలోనూ మైకాయనే, వీధిలోనూ మైకాయనే. ఎవరైనా తలుపు కొడితే వాళ్ళావిడ కూడా, "మైకాయన ఇంట్లో లేరండీ" అనేది.

ఆయన కూర్చునే గది సభకి పైన, ఒక మూల, పిచ్చుకగూడులా ఉంటుంది. ముందు అద్దం. అద్దంలోంచి కిందకి చూస్తే సభ్యుల బట్టతలలూ, రంగేసిన పాపిళ్ళూ, బల్లల కింద చెప్పులు విడిచిన కాళ్ళూ అన్నీ కనపడతాయి. ఎదురుగా చెక్క మీద వరసలు వరసలుగా స్విచ్చులు, కుర్చీకొకటి. చివర్న అన్నిటికీ కలిపి ఒక పెద్ద స్విచ్చు. సాయంత్రం సభ ముగిసి అందరూ వెళ్ళిపోయాక, ఇంట్లో దీపాలు ఆర్పి పడుకున్నట్టు, ఆ పెద్దది కిందకి లాగి తాళం వేసుకుని వచ్చేవాడు. స్పీకరుగారు తన బల్ల కింద మీట నొక్కితే ఈయన ముందు ఎర్రదీపం వెలుగుతుంది. వెలిగిందంటే మాట్లాడుతున్నవాళ్ళ మైకు ఆపమని. అంతే ఉద్యోగం.

"మా చెక్క మీద పార్టీల్లేవు, కుర్చీలే ఉన్నాయి" అనేవాడు గొప్పగా. జనం నవ్వేవాళ్ళు గానీ, నిజంగానే అలా బతికాడు.

బయటివాళ్ళకి తెలియనిది ఒకటుంది. స్విచ్చు ఆపితే సభకి వినపడదు గానీ, మైకాయన చెవికున్న హెడ్‌ఫోన్‌లో వినపడుతూనే ఉంటుంది. ఏ మైకు గరగరలాడుతోందో చూసుకోడానికి అలా పెట్టారు. కాబట్టి సభలో ఎవరు గురక పెడతారో, ఎవరు జేబులో వేరుశనక్కాయలు తెచ్చుకుని నములుతారో, ఎవరు ఫోన్లో పెళ్ళాం చేత తిట్లు తిని "సరేనే, సరేనే" అంటారో అన్నీ ఆయనకి తెలుసు. ఒక్కటీ బయటికి రాలేదు. వాళ్ళావిడ ఊరుకునేది కాదు.

"ఊరందరి గొడవా చెవిలో పోయించుకుంటారు. నేను పప్పు అయిపోయిందంటే మాత్రం వినపడదు."

"ఏమన్నావే?" అనేవాడు మైకాయన.

"చూశారా."

ఇలా కడుపులో చల్ల కదలకుండా సాగుతున్న కాపురంలోకి యుద్ధం వచ్చి పడింది.

వాళ్ళకి ఒక్కతే కూతురు, అమ్మడు. సబ్బుల ఫ్యాక్టరీలో సబ్బులకి కాగితాలు చుట్టే పని. ఆమె మొగుడు సైన్యంలో లారీ తోలతాడు. మంచి కుర్రాడు, మామగారి ముందు కూర్చోమంటే కూడా కుర్చీ అంచు మీద కూర్చునే రకం. యుద్ధం మొదలవగానే పెద్ద నది అవతలికి సామాన్లు చేరవేసే పని మీద వెళ్ళాడు. మొదట్లో వారానికోసారైనా ఫోను చేసేవాడు. అంతలో అవతల మనవాళ్ళు వెనక్కి తగ్గారనీ, శత్రువు దాటి రాకుండా వంతెన మనవాళ్ళే పేల్చేశారనీ వార్త వచ్చింది. ఆ తర్వాత అల్లుడి ఫోను లేదు. ఉలుకూ పలుకూ లేదు.

యుద్ధమంత్రి సభలో లేచి, "మనవాళ్ళందరూ క్షేమంగా ఇవతలికి వచ్చేశారు" అన్నాడు. మైకు పెట్టింది మైకాయనే. ఆ మాట అందరికంటే ముందు ఆయన చెవిలోనే పడింది. ఆ సాయంత్రం ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"వచ్చేశారటే, అందరూ వచ్చేశారట. మంత్రిగారే అన్నారు."

"వస్తే ఫోనేది నాన్నా?" అంది అమ్మడు.

రేపు చేస్తాడేమో అన్నాడు. మర్నాడూ చేయలేదు. పుట్టింట్లోనే ఉండిపోయింది అమ్మడు. పొద్దున్నే ఫ్యాక్టరీకి పోవడం, రావడం, సబ్బు వాసన వేసే చేతులతో ఫోను ముందు కూర్చోవడం.

సభలో మాత్రం పద్ధతులు మారాయి. ఇదివరకు ఎర్రదీపం వెలిగినా, మాట్లాడేవాళ్ళు ఆ మాట పూర్తిచేసేదాకా ఓ క్షణం ఆగి ఆపడం మర్యాద. యుద్ధం వచ్చాక ఆ మర్యాద తీసేశారు. దీపం వెలిగితే నోట్లో మాట నోట్లోనే ఉండగా ఆపేయాలి. శత్రువు వింటాడట. పైగా సర్కారు వైపు బల్లల మీదున్న మైకులు మాత్రం తెరిచే ఉంచమన్నారు. వాళ్ళు బల్లలు చరిస్తే చప్పుడు గట్టిగా వినపడాలి కదా మరి.

"మీ చెక్క మీద పార్టీల్లేవుగా?" అంది వాళ్ళావిడ, అన్నం వడ్డిస్తూ.

మైకాయన ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు.

ఎదురు పక్షంలో ఒకావిడ ఉంది. ఒకప్పుడు బళ్ళో పాఠాలు చెప్పింది, అందుకని అందరూ టీచరమ్మ అనేవాళ్ళు. పొట్టి మనిషి, నిలబడ్డా కూర్చున్నట్టే ఉంటుంది. రోజూ లేచి అదే అడిగేది. "నది దగ్గరి సంగతి..." అనేసరికి ఎర్రదీపం. మైకాయన వేలు. టక్. సభకి ఆవిడ నోరు కదలడం కనపడేది, బల్లలు చరిచే చప్పుడు వినపడేది, అంతే. మైకాయన చెవిలో మాత్రం ఆవిడ గొంతు సాగుతూనే ఉండేది.

"వంతెన పేల్చేటప్పటికి అవతల మన లారీలున్నాయా లేవా? ఉన్నారో లేదో చూసిందెవరు? పేల్చమన్నదెవరు? వాళ్ళ పెళ్ళాలూ తల్లులూ రోజూ మా ఇంటికొస్తున్నారయ్యా. వాళ్ళకేం చెప్పను?"

లారీలు అన్న మాట వినగానే మైకాయన హెడ్‌ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాడు. అయినా వేలు స్విచ్చు మీదే ఉంది. ఇంటికి వెళ్ళి ఆ మాట చెప్పలేదు. హెడ్‌ఫోన్‌లో విన్నది ఇంటిదాకా మోసుకెళ్ళకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఇన్నేళ్ళూ అది తేలికైన నియమమే. వేరుశనక్కాయల సంగతి దాచడానికి ఏం కష్టం. ఇది అలా కాదు. మింగలేడు, కక్కలేడు.

ఒకరోజు టీచరమ్మ లేచింది, దీపం వెలిగింది, ఈయన ఆపాడు. ఆపి తలెత్తితే, ఎదురుగా చూడవచ్చినవాళ్ళు కూర్చునే బాల్కనీలో అమ్మడు. ఫ్యాక్టరీ చీరలోనే ఉంది. సభవైపు చూడటం లేదు. అద్దంలోంచి నాన్న చేతినే చూస్తోంది.

ఇంటికెళ్ళేసరికి వాళ్ళావిడ గుమ్మంలోనే కళ్ళతో సైగ చేసింది, లోపల గాలివానగా ఉందని.

"ఫ్యాక్టరీ మానేసి వచ్చావేమే?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నాతో పనిచేసే ఆవిడ తమ్ముడు కూడా లారీయే తోలతాడు. టీచరమ్మ మనకోసం అడుగుతోంది, వినొద్దాం రమ్మంటే వెళ్ళాను" అంది అమ్మడు. "ఏం వినపడలేదు. ఎవరాపుతున్నారా అని చూశాను."

"అది నా పనమ్మా."

"నీ పనే. కాదన్నానా."

"దీపం వెలిగితే ఆపాలి. నేను ఆపకపోతే ఇంకొకడు ఆపుతాడు."

"అయితే ఇంకొకడినే ఆపనీ నాన్నా. నా మొగుడెక్కడున్నాడని అడిగితే నోరు నొక్కేది మా నాన్న కాకుండా ఉంటే చాలు నాకు."

అరవలేదు, ఏడవలేదు. కూర తరుగుతూ అంది ఆ మాట. అరిచినా బాగుండుననుకున్నాడు మైకాయన. చాలాసేపు చెప్పుల జత సర్దుతూ గుమ్మంలోనే కూర్చుని, చివరికి నేలవైపు చూస్తూ చెప్పేశాడు. ఆపిన తర్వాత టీచరమ్మ ఏం అంటుందో, రోజూ ఏం అంటుందో, అంతా. లారీల మాటతో సహా.

కత్తిపీట చప్పుడు ఆగింది.

"నీకు ఇదంతా వినపడుతూనే ఉందా?" అంది అమ్మడు.

"ఊఁ."

"ఇన్నాళ్ళూనా?"

మైకాయన చెప్పుల జత మళ్ళీ సర్దాడు. అమ్మడు లేచి చేతులు కడుక్కుని, టీచరమ్మ ఇంటికి దారి ఎటని వాళ్ళమ్మని అడిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇంట్లో కూతురు తండ్రితో మాట్లాడటం మానేసింది. నీళ్ళు కావాలంటే అందించేది. మాట మాత్రం లేదు. "మొత్తానికి మా ఇంట్లోనూ మైకు ఆపేశారు" అని వాళ్ళావిడ నవ్వించబోయింది. ఎవరూ నవ్వలేదు, చెప్పిన ఆవిడతో సహా.

యుద్ధానికి ఇంకా డబ్బు కావాలని సర్కారు సభని అడిగే రోజు వచ్చింది. ఆ రోజు మంత్రి సమాధానం చెప్పి తీరాలి, అది ఆ సభ పద్ధతి. బాల్కనీ నిండిపోయింది. అందరూ ఆడవాళ్ళే, నాలుగైదు ముసలి తలలు తప్ప. రెండో వరసలో అమ్మడు.

మంత్రి లేచాడు. "మనవాళ్ళందరూ క్షేమం. ఇప్పుడు ప్రశ్నలు వేయడమంటే ముందు నిలబడ్డవాడి వెన్నులో పొడవడమే" అన్నాడు. బల్లలు దడదడలాడాయి.

టీచరమ్మ లేచింది. స్పీకరుగారు పిలవక తప్పలేదు. మైకాయన స్విచ్చు పెట్టాడు.

"వంతెన పేల్చేటప్పటికి అవతల..." అంది.

ఎర్రదీపం.

మైకాయన ఆపాడు. ఆ మాట కూడా చెప్పుకోవాలి, దీపం వెలగ్గానే ఎప్పట్లాగే ఆపాడు. స్పీకరుగారు లేచి, కూర్చోండి కూర్చోండి అంటున్నారు. బల్లల చప్పుడు ఆ తెరిచిన మైకుల్లోంచి పదింతలై పిడుగుల్లా పడుతోంది. ఆ పిడుగుల వెనక, మైకాయన చెవిలో, ఆ ముసలి గొంతు ఒక్కటే, "లారీలున్నాయా లేవా, చెప్పండయ్యా" అంటోంది.

మైకాయన పెద్ద స్విచ్చు పట్టుకుని కిందకి లాగేశాడు.

ఒక్కసారిగా అంతా మూగబోయింది. స్పీకరుగారి గొంతు, మంత్రి గొంతు, పిడుగులు, అన్నీ. అంతసేపూ ఉరిమిన చేతులు, ఉత్త చెక్క మీద చిన్నపిల్లలు కొట్టుకున్నట్టు టపటపలాడి, సిగ్గుపడినట్టు ఆగిపోయాయి. పెద్ద చేసిన గొంతులకి అలవాటుపడ్డ మనుషులు, తమ అసలు గొంతు ఇంతేనా అన్నట్టు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

ఆ నిశ్శబ్దంలో టీచరమ్మ మాట్లాడింది. వెనక బెంచీ పిల్లలకి వినపడేలా ఏళ్ళ తరబడి అరిచిన గొంతు అది. మైకుతో ఏం పని.

"మంత్రిగారూ, అవతల మన లారీల వాళ్ళు ఉండగానే వంతెన పేల్చారా?"

మంత్రి మైకుని తట్టి చూశాడు. పలకలేదు. బాల్కనీ వైపు చూశాడు. అన్ని మొహాలు అలా చూస్తుంటే మనిషికి అబద్ధం అంత సులువుగా రాదు కాబోలు.

"కొంతమంది... అవతలే ఉండిపోయారు" అన్నాడు. చిన్నగా అన్నాడు, అయినా వినపడింది.

"పేల్చమన్నదెవరు?"

"అది... ఆ పరిస్థితుల్లో అలా జరిగిపోయింది."

"జరిగిపోయిందా, ఎవరైనా చేశారా?"

మంత్రి మళ్ళీ మైకుని తట్టాడు. బాల్కనీలో ఎవరూ అరవలేదు. ఒకావిడ మాత్రం చీరచెంగు నోట్లో కుక్కుకుంది. స్పీకరుగారు చేత్తో సైగ చేసి సభ ఆపేశారు.

మైకాయన్ని సభ వ్యవహారాలు చూసే పెద్ద అధికారి గదిలోకి పిలిచారు. అధికారి చెడ్డవాడు కాదు. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగాల్లో చేరినవాళ్ళు. తలుపు వేసి, కూర్చోమని, మంచినీళ్ళు కూడా ఇచ్చాడు.

"ఏమయ్యా, యంత్రం పాడైంది కదూ?"

మైకాయన నీళ్ళు తాగాడు.

"పాతది కదా. వేడెక్కి ఆగిపోయి ఉంటుంది. నువ్వు ఊఁ అను, మెకానిక్కుని పిలిపిస్తాను. పైవాళ్ళకీ అదే కావాలి. కర్ర విరగదు, పాము చావదు. నీ పెన్షనుకి కూడా ఏమీ కాదు."

"యంత్రం బాగానే ఉందండి."

"నీ మంచికే చెప్తున్నా. ఎవరూ చేయలేదు, దానంతటది ఆగింది అంటే అయిపోతుంది."

మైకాయన గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"పొద్దున్న లోపల అదే మాట విన్నానండి, అలా జరిగిపోయిందని. మా అమ్మాయి కూడా వింది. ఇప్పుడు నేనూ అదే అంటే ఇంటికెళ్ళి దాని మొహం ఎలా చూడను? నేనే ఆపాను. కావాలని ఆపాను. అలాగే రాసుకోండి."

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత చేయి చాపాడు. మైకాయన జేబులోంచి గది తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు.

అల్లుడి సంగతి అడుగుతారని తెలుసు. చివరిదాకా తెలిసిందింతే. అవతల ఉండిపోయినవాళ్ళలో అతనూ ఉన్నాడని సర్కారు ఒప్పుకుంది. బతికున్నాడో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. పేల్చమన్నదెవరో మాత్రం టీచరమ్మ అడుగుతూనే ఉంది. ఇప్పుడు ఆ చెక్క ముందు వేరే ఆయన కూర్చుంటున్నాడు.

ఆ రోజు మైకాయన బయటికొచ్చేసరికి గేటు దగ్గర గోడకి ఆనుకుని అమ్మడు నిలబడి ఉంది. ఏడ్చిన మొహం. ఇద్దరూ కాసేపు పక్కపక్కనే నడిచారు.

"ఏమడిగారు నాన్నా?"

ఎన్నాళ్ళకో విన్న మాట.

"ఎవరు చేశారని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"నేనే చేశానన్నాను."

అమ్మడు ఆయన చేతిలోంచి ఖాళీ క్యారేజీ తీసుకుని, సబ్బు వాసన వేసే చేత్తో మోచేయి పట్టుకుని రోడ్డు దాటించింది.