పసుపు మీద అంటించిన లేబుల్

ఉండి ఊరు దాటాక షేర్ ఆటో ఎక్కిన అమ్మాయి చేతిలో చిప్పున్న లేబుల్ చూడగానే పక్కనున్న చిట్టియ్య గుర్తుపట్టాడు. రొయ్యల ఫ్యాక్టరీలో స్టీలు పెట్టెలకి అలాంటివి అంటించింది అతనే. పెట్టె గేటు దాటితే మిషను ఆ లేబుల్‌ని బట్టి పట్టేస్తుంది.

"మీరూ ఫ్యాక్టరీకేనాండి? నేను లేబుళ్ళ కంపెనీ మనిషిని. ఇవి ఊడిపోతున్నాయట. పెట్టెలు దాటించడానికి వాచ్‌మన్ గున్నేశ్వరరావే పీకుతున్నాడని మేనేజరు గారి అనుమానం. ఇవాళ పన్లోంచి తీసేస్తారట."

ఆమె లేబుల్ తిప్పి చూసింది. "జిగురెందుకో పచ్చబడింది. ఐసు వల్లేమో."

ఐసు కాదని చిట్టియ్యకి తెలుసు. బోరు మోటారు దగ్గర్నుంచి మోపెడ్ దాకా, దసరాకి పసుపు పూయందే ఊరుకోని నేల ఇది. పెట్టెలకీ నూనెలో కలిపి పూశారు. శుభ్రంగా తుడిచి అంటించమన్నా, పూజ పసుపు తుడవడానికి అతనికి చెయ్యి రాలేదు. పైనే అంటించేశాడు.

చెబితే తన పని పోతుంది. చెప్పకపోతే, రోజూ "టిఫినయ్యిందా బావా" అని పలకరించే గున్నేశ్వరరావు దొంగైపోతాడు. చిట్టియ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఫ్యాక్టరీ ముందు ఆటో ఆగింది.

"ఏంటండీ, ఒంట్లో బాలేదా?" అందామె.

చిట్టియ్య ఆటో దిగాడు. వెళ్ళొస్తానని కూడా అనకుండా తిన్నగా మేనేజరు గది వైపు నడిచాడు.