టైలరక్క ఎత్తే బరువు

జిమ్‌లో ముందు ఇనుప ప్లేట్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వినిపిస్తుంది. ఆ తర్వాతే స్తంభం చాటునుంచి టైలరక్క కనిపిస్తుంది. మెడలోని టేపు తీసి మేకుకి తగిలిస్తుంది. కడ్డీని భుజాల ముందు, గొంతుకి ఆనీ ఆననట్టు పెట్టుకుని, మోచేతులు ఎత్తి, ఊపిరి బిగబట్టి, నిండుకుండను దించుతున్నంత మెల్లగా కూర్చుని లేస్తుంది. మడమలు నేలను వదలవు. నడుము వంగదు. వంగితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మంచాన పడ్డ తల్లిని ఒకసారి అలాగే వంగి ఎత్తబోతే ఇద్దరూ కిందపడ్డారు. ఆ వారమే జిమ్‌కి వచ్చి, "మనిషిని గుండెకి ఆనించుకుని లేవడం నేర్పు తమ్ముడూ" అని కోచ్‌ని అడిగింది.

ఇవాళ కడ్డీకి రెండు పక్కలా చెరో చిన్న ప్లేటు మళ్ళీ తీసేసింది. కోచ్ చూడనే చూశాడు.

"అందరూ మెట్లెక్కుతుంటే నువ్వు దిగుతున్నావేంటక్కా? నా పరువు తీస్తావా ఏంటి?"

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. తీసిన ప్లేట్లను చప్పుడు కాకుండా గోడకి ఆనించింది.

"అమ్మ బరువు తగ్గిపోతోంది తమ్ముడూ. ఈ చేతులు పాత బరువుకే అలవాటుపడితే, తెలీకుండా విసురుగా ఎత్తేస్తాను. పాపం, ఉలిక్కిపడుతుంది."