అక్క మందుకు రెండు కాగితాలు

మా అక్క చూపు పోగొట్టింది ఒక మందుబిళ్ల. ఆ బిళ్ల వేసుకోమన్నవాణ్ణి నేను. ఇంకెవరో ఎత్తిచూపక ముందే నేనే రాస్తున్నాను.

డెబ్బయ్యో దశకం చివర్లో అక్క తిరుత్తణిలో మా ఇంట్లో ఉండేది. ఏం తిన్నా కడుపులో నిలిచేది కాదు. పక్కనున్న కనకమ్మ సత్రం ఊళ్లో మందుల అంగడివాడు డాక్టరు చీటీ అడక్కుండానే సీసా చేతిలో పెట్టి, ఫారిన్ సరుకు, హార్బరులో దిగింది అన్నాడు. ఆ రోజుల్లో ఆ ఒక్క మాట చాలు. ఖాళీ ఫారిన్ సీసాలను కూడా అద్దాల బీరువాలో దాచుకున్న వెర్రివాళ్లం మేము. అక్క మాత్రం ఫారిన్‌ను కాదు, నన్ను నమ్మింది. బడి మొహం చూడకుండా నిఘంటువు పెట్టుకొని ఇంగ్లీషు నేర్చిన తమ్ముణ్ణి కదా. సీసాతో వచ్చిన కాగితంలో నాలుగే వరుసలు. విరేచనాలకు మంచిది, రోజుకు మూడు.

"బాగా సదివినావారా?" అంది.

"సదివినానక్కా. కీడు మాట యాడా లేదు. ఏసుకో."

ఎనిమిది నెలలు వేసుకుంది. ముందు అరికాళ్లు మొద్దుబారాయి. తర్వాత ఎదురుగా పొంగుతున్న ఎసరు కనబడలేదు. వయసు అన్నారు చూసినవాళ్లు. నలభై అయిదేళ్లకు ఏం వయసు?

నా భార్య తమ్ముడు ఓడలో పనిచేసేవాడు. ఆ మందు తయారయ్యే దేశానికే పోతున్నాడని తెలిసి, ఇక్కడి సరుకు కల్తీదేమోనన్న అనుమానంతో అక్కడే కొని తెమ్మని ఉత్తరం రాశాను. అక్కడ చీటీ లేనిదే ఇవ్వరట, ఓడ డాక్టరు చేత రాయించుకొని తెచ్చాడు. అదే పేరు, అదే బిళ్ల. కాగితం మాత్రం మూరెడు. నిఘంటువు తీసి కూర్చున్నాను. ఎక్కువ రోజులు వాడరాదు. కాళ్లు మొద్దుబారినా, చూపు మసకబారినా వెంటనే మానాలి. ఆ పూటే మాన్పించాను, పోయిన చూపు మాత్రం తిరిగి రాలేదు.

రెండు కాగితాలూ తీసుకొని తిరువళ్లూరులో మందుల తనిఖీ చేసే సర్కారు ఆఫీసుకు పోయాను. అధికారి రెండూ తిప్పి చూసి, తప్పేమీ లేదన్నాడు. ఆ దేశపు చట్టం అడిగింది అక్కడ అచ్చువేస్తారట, మన చట్టం అడిగింది ఇక్కడ. రేవులో పరీక్ష చేసే దింపారట, సరుకు నిఖార్సయినదేనట.

"మన చట్టం మా కండ్ల గురించి ఏమీ అడగలేదా సార్?" అన్నాను.

అర్జీ రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. జవాబు ఈనాటికీ లేదు.

ఇంటికొస్తే అక్క రెండు కాగితాలూ చేతికిమ్మంది. వేళ్లతో తడిమి, జానతో కొలిచింది.

"మనకిచ్చింది ఇంతేనా?"

"ఇంతే అక్కా."

"అట్లయితే నువ్వు సరిగ్గానే సదివినావు లేరా."

సరిగ్గానే చదివాను. సరిగ్గా చదివినా కళ్లు పోగొట్టే అలాంటి కాగితాన్ని రేవు దాటనిచ్చినవాళ్లను నేను క్షమించలేదు. క్షమించను.