మాస్టారి డిస్క్‌లో ఆరో వరుస

మా కంప్యూటర్ మాస్టారు చనిపోయారని ఉదయం ఏడింటికి ఆయన భార్య బిట్రగుంట నుంచి ఫోన్ చేసింది. ఆమెను నేను అక్కా అంటాను. అక్క ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

“ఇంట్లో ఆయన ఫోటో సరైంది ఒక్కటీ లేదు. నీ కాడ ఉండాదని చెప్పినాడు. నాలుగింటికి సమాధుల తోటకు తీసకపోతారు. అంతలోకి తెచ్చియ్యమ్మా.”

ఉంది. కొడవలూరులో నా స్టూడియో కంప్యూటర్లో, ఒకే ఒక్క చోట ఉంది. ఏ ఫోటో అయినా రెండు చోట్ల దాచమని మాస్టారు చెప్పీ చెప్పీ విసిగిపోయారు. షాపు తెరిచి కంప్యూటర్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఇంగ్లీషులో ఒక్కటే వరుస: ఆపరేటింగ్ సిస్టమ్ కనపడలేదు.

ఆ తెరంటే నాకు పాత భయం. స్టూడియో పెట్టిన కొత్తల్లో ఇలాగే మొరాయిస్తే ఎవరిదో సిస్టమ్ ఎక్కించే డిస్క్ తెచ్చి పెట్టాను. వచ్చిన మెనూ చదవకుండా మొదటి వరుస మీదే ఎంటర్ కొట్టాను. కొత్త సిస్టమ్ ఎక్కింది, ఒక ఇంటి పెళ్లి ఫోటోలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. మాస్టారు నన్ను తిట్టలేదు. ఆ ఇంటికి నాతోపాటు వచ్చి, పెళ్లికూతురి తండ్రి అరుస్తున్నంతసేపూ నా పక్కనే తలవంచుకుని నిలబడ్డారు. బయటికొచ్చాక అన్నారు: “ముందు చదువమ్మా. భయపడేదానికి తర్వాత టైముంటాది.”

ఆయన సొంతంగా చేసుకున్న డిస్క్ ఒకటుండేది. ఒక్కదాంట్లోనే ఏడు రకాల సిస్టమ్‌లు: పాత కంప్యూటర్లకు కొన్ని, కొత్తవాటికి కొన్ని. నాకూ కావాలని, అందులోని ఫైళ్లన్నీ ఖాళీ డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాను. అన్నీ ఉన్నాయి గానీ దాంతో కంప్యూటర్ లేవదు; దాన్ని లేపే మొదటి భాగం మామూలు కాపీలో రాదట. మాస్టారు పడీపడీ నవ్వారు. “సామాన్లన్నీ మోసుకొచ్చినావు, వాకిలి మర్చిపోయినావు.”

ఏ కంప్యూటర్ మొండికేసినా ముందు ఆయన జేబులోంచి వచ్చేది స్కూలు పిల్లల రబ్బరు. లోపలి ర్యామ్ అనే చిన్న మెమరీ ముక్కను ఊడదీసి, దాని బంగారు రంగు అంచును ఓపిగ్గా రుద్దేవారు. మన ఉప్పుగాలి ముందు కొరికేది దాన్నేనట. డిస్క్ చదవడం ప్రతిసారీ ఒకే చోట ఆగితే డిస్క్‌ను అనుమానించాలి, ఆగే చోటు మారుతుంటే ర్యామ్‌ను అనుమానించాలి అనేవారు.

జబ్బు బయటపడ్డాక ఒకరోజు షాపుకొచ్చి, ఇది నీకోసం చేశానంటూ ఒక డిస్క్ ఇచ్చారు. దాన్ని వాడితే ఆయన లేనట్టేనని నాకేదో పిచ్చి భయం. బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆ ఉదయం తాళం తీశాను. డిస్క్ కాసేపు తిరిగి ఎర్రర్ ఇచ్చి ఆగింది. రెండోసారి ఇంకొంచెం ముందుకు పోయి ఆగింది. చోటు మారింది. ర్యామ్ తీసి, ఆయన చేసినట్టే స్కూలు రబ్బరుతో రుద్దితే అది నల్లబడింది. ర్యామ్‌ను మళ్లీ బిగించాను.

ఈసారి మెనూ వచ్చింది. ఇలాంటి మెనూల్లో మామూలుగా పది అంకెలు వెనక్కి లెక్కపెట్టి మొదటి వరుస దానంతటదే నడుస్తుంది. అది నడిస్తే ఆయన ఫోటో కూడా ఆ పెళ్లి ఫోటోల దారే పడుతుంది. అంకెల కోసం వెతికాను. లేవు. ఆయన తీసేశారు. నేను చదివేదాకా తెర ఆగే ఉంది.

అయిదు వరుసల్లో ఇంగ్లీషు పేర్లు. ఆరో వరుసలో మాత్రం ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు: భయమేస్తే ఇది.

అప్పుడు ఏడ్చాను. ఏడో వరుస కూడా చదివి, వెనక్కి వచ్చి ఎంటర్ నొక్కాను. దేన్నీ చెరపకుండా, ఆ డిస్క్ మీదే కంప్యూటర్ లేచింది. నా ఫోల్డర్లన్నీ కనపడ్డాయి. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఫోన్‌లో ఒకటి దాచుకున్నాకే ప్రింటు తీశాను.

అది నా షాపులో ఆయనకు తెలియకుండా తీసిన ఫోటో. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ర్యామ్‌ను వెలుతురుకు పట్టుకుని చూస్తున్నారు. రెండో చేతిలో రబ్బరు. పటంలో ఆ రబ్బరు బాగుండదేమో, కత్తిరించి తెస్తానని ఫోన్ చేశాను. అక్క ఒప్పుకోలేదు. “ఉండనీ. అది లేకుండా ఆయన యాడ కనపడినాడు?”

నాలుగింటికి బిట్రగుంటలో శవపెట్టె కదిలింది. ముందు పటం పట్టుకుని నేను నడిచాను. సముద్రం గాలి మొదలై అద్దం మీద జిగట తడి చేరుతుంటే కొంగుతో తుడుస్తూ పోయాను. లోపల ఆయన ఆ చిన్న ముక్కను వెలుతురులో తిప్పి చూస్తూనే ఉన్నారు.