కోదండం చేయని మూడో ప్రమాణం

ఆ జూన్ నెలలో కోదండం తాగినాడా, లేదా? రెండేళ్లు దాటింది. ఇప్పటికీ నాకు తెలియదు.

కోదండం మా బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చిన్నప్పుడు నా దగ్గరే చదువుకున్నాడు. కాయను తాకి చూసి ఎన్నాళ్లకు పండుతుందో చెప్పేవాడు. తాగుడొక్కటే ఇబ్బంది. ఇక ముట్టనని కాణిపాకం వినాయకుడి ముందు తడిబట్టలతో రెండుసార్లు ప్రమాణం చేసినాడు. మొదటిది మూడు నెలలు నిలిచింది, రెండోది పదకొండు రోజులు. పన్నెండో రోజు భార్య అమల బిడ్డను తీసుకొని నగరిలో పుట్టింటికి వెళ్లిపోయింది. ఆమె పుట్టింటివాళ్లకు ఆడ మరమగ్గాలున్నాయి.

తర్వాత ఎవరో చెప్తే చిత్తూరు అవతల తాగుడు మాన్పించే చోట చేరి నలభై రోజులున్నాడు. డాక్టరిచ్చే మాత్రలకు తోడు ఊపిరి కసరత్తు, కడుపు మీద మట్టిపట్టీ, చేదు కషాయం, సాయంత్రం అందరూ కూర్చుని మనసులోది చెప్పుకోవడం. తిరిగొచ్చి, ఖాళీ ఇంటికి పోలేక మా ముందుగదిలో దిగినాడు. అమల నాకు ఫోన్ చేసింది.

"ఆయన మాట నేను నమ్మను అయ్యోరా. నెల రోజులు మీరే సూడండి. మీరు సరేనంటే బిడ్డతో బస్సెక్కుతా."

అలా నేను కాపలావాణ్ణయినాను.

రోజూ షిఫ్టు దిగి మా తిన్నె మీద కూర్చొని ఒక ముక్కు మూసి ఇంకో ముక్కుతో ఊపిరి పీల్చేవాడు. ఎదురింటి కుప్పమ్మ ఊరుకుంటుందా!

"నోరు మూసుకోవాల్సినోడు ముక్కు మూసుకుంటా ఉండాడే!"

"రెండూ మూస్తే సస్తానత్తా," అని నవ్వినాడు.

నాకు నవ్వు రాలేదు. నా కన్నంతా అతని స్టీలు ఫ్లాస్కు మీదే. కషాయం అంటాడు, ఎవరు చూసినారు? ఒకరోజు అతను స్నానానికి పోగానే మూత తీసి వాసన చూసినాను. పులిసిన వాసన. కొక్కేనికున్న చొక్కా చూసినాను, అదే. సీజనులో ఫ్యాక్టరీ వెనక తొక్కలు, టెంకలు గుట్టలుగా పులుస్తాయి. ఆడ పనిచేసే ఆడవాళ్ల చీరలకూ ఆ వాసనే. తెలిసీ నాకు ముందు తోచింది సారానే. ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే తేలిపోయేది. ఎంగిలి కదా అని మూత పెట్టేసినాను.

నెల నిండిన ఆదివారం అడిగినాను.

"పద కోదండం, కాణిపాకం పోదాం. మునిగి, ఇక ముట్టనని సామి ముందర చెప్పు. అమలకు నేను సరేనంటా."

"ప్రమాణం చెయ్యను అయ్యోరా."

"తాగకుంటే భయమెందుకప్పా?"

"రెండుమార్లు చేసి తప్పినా. జన్మంతా అంటే నాకు కాళ్లాడవు. ఈ పొద్దు తాగను, అంతే. ఆడ నేర్పించింది అదే. ఈ పొద్దు తాగలే. రేపు మళ్లా అడగండి."

ఇక్కడ ప్రమాణానికి వెనకాడితే తప్పు ఒప్పుకున్నట్టే. నేనూ అట్లాగే అనుకున్నాను. ఈ నెల తాగలేదని మాత్రం సామి ముందర చెప్పమని అడగొచ్చు కదా, ఆ మాట నాకు తోచనే లేదు.

అంతలో ఫోన్ మోగింది. అమల. కోదండం మళ్లీ ముక్కు మూసుకొని తిన్నె మీదే ఉన్నాడు, నా మాట వినబడేంత దగ్గర్లో.

"ఇంకొన్నాళ్లు ఆగమ్మా," అన్నాను.

అవతల మగ్గాల చప్పుడు వినబడింది, అంతే.

కోదండం చెయ్యి తీసి, లోపలున్న ఊపిరంతా మెల్లగా వదిలినాడు. లేచి ఫ్లాస్కు కడిగి తిన్నె మీద బోర్లించినాడు. లోపలికి పోయి సంచి భుజానికి తగిలించుకొని వచ్చినాడు.

"యాడికప్పా?" అన్నాను.

హైవే వైపు నడిచినాడు. పోయొస్తానని కూడా అనలేదు.