సంధ్య ఓర్వలేనితనం

నా కోసం ఇద్దరు ఆడవాళ్లు పోట్లాడుకున్నారు. ఈ మాట చెబితే మా భువనగిరి చాయ్ హోటల్లో ఎవరూ నమ్మరు. నా మొహం చూస్తే నాకే నమ్మకం కలగదు. అయినా నిజం. ఒకరు నా భార్య సంధ్య, ఇంకొకరు నా తోడబుట్టిన అక్క అండాలు. కొట్లాట దేని గురించంటే, నాకు కిడ్నీ ఎవరివ్వాలని.

ఇచ్చేవాళ్లు లేక ఏడ్చే కుటుంబాలను డయాలసిస్ వార్డులో ఎన్నో చూశాను. ఇద్దరు ముందుకొచ్చిన ఇల్లు పండగ చేసుకోవాలి. కానీ సంధ్య ఉన్నచోట పండగ కూడా పంచాయితీ అవుతుంది.

సంధ్య గురించి చెప్పాలంటే ముందు ఆమె ఓర్వలేనితనం గురించే చెప్పాలి. మిగతా గుణాలు దాని వెనకాలే వస్తాయి. మాది నేతపని ఇల్లు. పెళ్లయినప్పటి నుంచీ సంధ్య ఆసు పోస్తుంది, అంటే మేకుల చుట్టూ పోగును అటూ ఇటూ తిప్పుతూ చీరకు కావలసిన నూలు సిద్ధం చేస్తుంది. కుడి చెయ్యి పొద్దస్తమానం ఊగుతుంది, మిగతా ఒళ్లు కదలకుండా కూర్చునే ఉంటుంది. అందుకే ఆ చెయ్యొక్కటే సన్నగా ఉండి మిగతా మనిషి బొద్దుగా తయారైందని నేను ఎగతాళి చేసేవాణ్ణి. పక్కింటివాళ్లు కొత్త ఫ్రిజ్ కొంటే మూడు రోజులు మా ఫ్రిజ్ తలుపు ధడేల్మని వేసింది. ఎవరి కోడలైనా సన్నగా కనిపిస్తే "రోగమున్నదేమో" అనేది. ఇవన్నీ చిల్లర కుళ్లు. అసలైనది మా అక్క మీద.

అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు, అక్కకు పద్నాలుగు. నాకు తినిపించిందీ, బడికి పంపిందీ, మగ్గం గుంతలో కూర్చోబెట్టి నేత నేర్పిందీ అక్కే. తర్వాత ఆమెను కట్టంగూర్ ఇచ్చారు. అక్కడ ఇప్పటికీ నేస్తుంది. యాభై దాటినా ఒంట్లో తులం కొవ్వు లేదు. మా ఇంటికి ఎప్పుడొచ్చినా చెప్పులు విడవకముందే "తమ్మి చిక్కిండు" అంటుంది. నా పెళ్లైన మర్నాడే సంధ్యను పిలిచి "వానికి పప్పుల చింతపండు జర తక్కువెయ్యి" అని చెప్పింది. ఆ ఒక్క మాటకు ఇరవై ఏళ్లుగా నేను పులుపు పప్పు తింటున్నాను. ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

బీపీని పట్టించుకోకపోవడం వల్ల నా కిడ్నీలు రెండూ పోయాయి. అప్పటికే రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. మా కూతురు వర్షిత తనది ఇస్తానంటే ఇద్దరాడవాళ్లూ కలిసి దాని మీద పడ్డారు. వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు. హైదరాబాద్‌లో పరీక్షలు చేస్తే ఇద్దరివీ సరిపోతాయని తేలింది. సంధ్యకు అడ్డమల్లా ఒక్క బరువే. ఎనభై ఆరు కిలోలు.

"డెబ్బై అయిదుకు దిగితే ఆలోచిద్దాం. లేదంటే ఇబ్బంది లేదు, మీ ఆడబిడ్డ రెడీగా ఉన్నారు" అన్నాడు డాక్టరు.

ఆ 'రెడీగా' అన్న మాట దగ్గరే డాక్టరు తప్పు చేశాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో సంధ్య మొహం కిటికీ వైపు తిప్పి కూర్చుంది.

"ఆమెది తీసుకుంటే నేనొప్పుకోను."

"ఎందుకే? పరాయిదా? అక్క గద."

"అక్క గాబట్టే. పెంచింది ఆమెనే అంటది, పని నేర్పింది ఆమెనే అంటది. ఆఖరికి నీ పప్పు గూడ ఆమెదే. కిడ్నీ గూడ ఆమెదైతే నాకేం మిగుల్తది? నీ గురక?"

ముందు సీటులో ఉన్న పెద్దమనిషి వెనక్కి తిరిగి చూశాడు. నేను నిద్ర నటించాను.

సంగతి ఫోన్‌లో చెబితే అక్క "సరే, బతుకమ్మ దాంక ఆగుత. గప్పటికి దిగకుంటే నేనే ఇస్త. మల్ల మాట మార్సొద్దు" అంది. అప్పటికి ఉగాది దాటి వారమైంది.

మర్నాటి నుంచి సంధ్య అన్నం మానేసింది. జొన్నరొట్టె, ఆకుకూర, మజ్జిగ. తెల్లారకముందే లేచి ఖిల్లా మెట్ల దాకా నడక, ఓపికున్నంత వరకు ఎక్కి దిగడం. డయాలసిస్‌కు ముందూ తర్వాతా మాకు తూకం చూస్తారు కదా, నా వంతు అయ్యాక సంధ్య కూడా ఆ మిషన్ ఎక్కేది. నర్సు గ్లోరీ ఏమీ అనేది కాదు, పైగా అంకె గట్టిగా చదివేది. వార్డు వార్డంతా సంధ్య బరువు తెలిసిపోయింది. రెండు నెలల్లో డెబ్బై తొమ్మిదికి దిగింది. ఆ రోజు సంధ్య వార్డులో ఊరేగింపుగా నడిచింది.

ఇక్కడ నా కుళ్లు కూడా చెప్పాలి. డయాలసిస్ మనిషికి నీళ్లు కొలిచి ఇస్తారు. ఎండాకాలంలో కూడా గుక్కెడు గుక్కెడు లెక్క. సంధ్య నడిచొచ్చి, నా ఎదురుగా నిలబడి, చెంబెడు నీళ్లు గటగటా తాగేది. ఆమె గొంతులో నీళ్లు దిగుతుంటే ఆ చెంబు లాక్కుని నెత్తిన కొట్టాలనిపించేది. ఆమెకు నా మీద వేరే మంట. ఒంట్లో చేరిన నీళ్లను మిషన్ లాగేస్తే నా బరువు తగ్గుతుంది. అది చూసి "నువ్వు నాలుగు గంటలు పండుకొని రెండు కిలోలు తగ్గుతవు. నేను పొద్దంత కాళ్లరిగేటట్టు నడుస్తే పావుకిలో గూడ వోదు. గీ మిషన్ నాకు వెట్టరా?" అనేది. గ్లోరీ నవ్వాపుకోలేక కర్టెన్ వెనక్కి పోయేది.

ఆషాఢంలో నా రక్తంలో బలం తగ్గిందన్నారు. పూటకు మూడు చొప్పున గుడ్లు తినమన్నారు, తెల్లసొన మాత్రమే, పచ్చసొన వద్దన్నారు. సంధ్య రోజూ ఆరు గుడ్లు ఉడకబెట్టి తెల్లది నా పళ్లెంలో వేసేది. పచ్చది పారేయడానికి ఆమెకు చేతులు రావు. నిలబడే నోట్లో వేసుకునేది. కళ్లెదుటే జరిగేది, నాకేమీ తోచలేదు. మా ఇంట్లో ఏదీ పారేయరు, అంతే.

అప్పుడే తూకం ఆగిపోయింది. డెబ్బై తొమ్మిది. మళ్లీ వారం డెబ్బై తొమ్మిది. ఆ పై వారమూ అదే. మిషన్ చెడిపోయిందని సంధ్య గ్లోరీతో గొడవపడింది. గ్లోరీ తను ఎక్కి చూపించింది, మిషన్ బాగానే ఉంది. దాంతో సంధ్య గ్లోరీ బరువు చూసి ఇంకా కుళ్లుకుంది. రాత్రి తిండి పూర్తిగా మానేసింది. నాలుగో రోజు కళ్లు తిరిగి పడబోతే గ్లోరీ పట్టుకుని కూర్చోబెట్టింది.

"గిట్ల ఉపాసముండి రక్తం తగ్గితే, మీ కిడ్నీ ఎవలు తీసుకుంటరక్కా? తినుండ్రి. తినుకుంటనే నడువుండ్రి. తూకం జర ఆగుతది, మల్ల దిగుతది."

మళ్లీ తినడం మొదలుపెట్టింది. అయినా అంకె కదల్లేదు. శ్రావణంలో అక్క గరిజెలు, అంటే కజ్జికాయలు, చేసుకుని వచ్చింది. "నన్ను బలిపియ్యనీకే తెచ్చింది" అని సంధ్య డబ్బా మూత కూడా తీయకుండా వాడకట్టు పిల్లలకు పంచేసింది. వాసన మాత్రం రెండు రోజులు ఇంట్లో ఉంది, ఆ రెండు రోజులూ నాతో మాట్లాడలేదు. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. మా ఇంట్లో దుత్తను నేనే.

ఒక పొద్దున నడిచొచ్చి గడపలో కూర్చుని ఏడ్చింది. చెప్పులు కూడా విడవలేదు. నాకు జాలేసింది. జాలిలో మనిషికి బుద్ధి పనిచేయదు.

"పోనీ తీయే. అక్కదే తీసుకుందాం" అన్నాను.

ఏడుపు ఠక్కున ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లింది. సాయంత్రానికి మా ఫ్రిజ్ తలుపు మీద ఒక ఫోటో వెలిసింది. మా అక్క ఫోటో. మేనకోడలి పెళ్లిలో అక్క నా నోట్లో లడ్డూ పెడుతుంటే తీసింది.

"గిదేందే?"

"ఆకలైనప్పుడల్ల చూస్త. ఆకలి సస్తది."

ఇంట్లో దేవుడి పటాలకు కూడా ఆమె అన్నిసార్లు మొక్కలేదు. తూకం కదలకపోయినా పొద్దున్నే లేచేది. వాన పడితే నెత్తిన యూరియా బస్తా కప్పుకుని పోయేది. ఇంత ఎందుకని అడిగితే, "తూకం ఆగితే నేను గూడ ఆగాల్నా? నేనాగిన్నాడు ఆమె గెలుస్తది" అంది. ఓపిక పట్టమని నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. ఆమెను లేపి నిలబెట్టింది మాత్రం ఈ కడుపుమంటే.

వినాయక నిమజ్జనం అయిన రెండో రోజు అక్క మొదటి బస్సుకు దిగింది. వాన. సంధ్య ఇంకా నడక నుంచి రాలేదు. మంచినీళ్ల కోసం వంటింట్లోకి పోయిన అక్క ఫ్రిజ్ ముందు ఆగిపోయింది. ఎంతసేపటికీ రాకపోతే వెళ్లి చూశాను. కళ్లనిండా నీళ్లు.

"నా ఫోటో వెట్టుకున్నదారా? సొంత అక్క ఫోటో గూడ ఎవలు గిట్ల వెట్టుకోరు."

నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. అంతలో సంధ్య తడిసి ముద్దై వచ్చింది. అక్క వెళ్లి ఆమె తల తుడవబోయింది.

"నా మీద గింత ప్రేమున్నదనుకోలే సంధ్యా."

వేరే ఏ ఆడదైనా అక్కడ చిన్నగా నవ్వి ఊరుకునేది. నా భార్యకు ఆ విద్య రాదు.

"ప్రేమ గాదు వదినా. నిన్ను జూస్తే కడుపు మండి తిండి మీదికి మనసు వోదు. గందుకు వెట్టిన."

పొయ్యి మీద నేను పెట్టిన గుడ్లు గిన్నెలో టకటకా కొట్టుకుంటున్నాయి. అక్క టవల్ కుర్చీ మీద వేసి, పొయ్యి కట్టేసి, గుడ్లు ఒలవడం మొదలుపెట్టింది. తెల్లసొన నాకు వేసింది. పచ్చసొనలు వేరే పళ్లెంలో పెట్టింది. ఆ పళ్లెం సంధ్య ముందుకు జరిపి, చెయ్యి దాని మీదే ఉంచింది.

"నేను గూడ ఒకటి చెప్త. గివి నువ్వు తినుడు పోయినసారే చూసిన. రోజుకు ఆరు పచ్చసొనలు మింగుకుంట తూకం దిగుతలేదంటే ఎట్ల దిగుతదే? చెప్పాలనే అనుకున్న. నోరు రాలే."

"ఎందుకు రాలే?"

"చెప్తే దిగుతవు గద."

సంధ్య మొహం చూసి నేను పళ్లెంతో సహా వెనక్కి జరిగాను. "నెల రోజులు, వదినా! వాన్ల, బురదల నడిచిన నేను! నువ్వు కట్టంగూర్ల సల్లగ కూసున్నవా?"

"కూసున్న. సల్లగ గాదు." అక్క ఇంకా పళ్లెం మీది చెయ్యి తీయలేదు. "మా అమ్మ వీని చెయ్యి నా చేతిల వెట్టి పోయింది. నువ్వొచ్చినంక వీడు నీవోడైండు. కావాల్సిందే, గని నాకు మండింది. గిదొక్కటన్న నాది వీని లోపలుంటదనుకున్న. ఎవ్వలు దియ్యకుంట."

నాకు గొంతులో తెల్లసొన అడ్డం పడింది. మింగడానికి నీళ్లు తాగుదామంటే ఆ పూట నా నీళ్ల వంతు అయిపోయింది. ఇద్దరిలో ఒక్కరూ నా వైపు చూడలేదు. కిడ్నీ నాది, రోగం నాది, నన్ను అడిగిన దిక్కు లేదు.

"మరి గిప్పుడెందుకు చెప్పినవు?" అంది సంధ్య. అరుపు తగ్గింది.

"నా మొకం చూసుకుంట వాన్ల నడుస్తున్నవు గదనే. గింత కుళ్లు నాకు గూడ లేదు. నువ్వే ఇయ్యి."

అలా అని పళ్లెం తన వైపు లాక్కుని ఒక పచ్చసొన నోట్లో వేసుకుంది. పారేయడానికి ఆమెకూ చేతులు రావు, తనూ మా ఇంట్లో పెరిగిందే కదా. సంధ్య చూస్తూ నిలబడి, కాసేపటికి ఉప్పు డబ్బా తెచ్చి పళ్లెం పక్కన పెట్టింది. ఆ రోజు వాళ్ల మధ్య జరిగిన సంధి అంతే.

పచ్చసొన మానేసిన మర్నాడే బరువు దిగిందని చెబితే అబద్ధం. రెండు వారాలు అంకె అక్కడే కూర్చుంది. మూడో వారం గ్లోరీ "డెబ్బై ఎనిమిది!" అని అరిచిన అరుపుకు పక్క మంచం ముసలాయన లేచి కూర్చున్నాడు. బతుకమ్మకు డెబ్బై అయిదు కాలేదు. అక్క ఫోన్ చేసి "కార్తీకం దాంక ఆగుత, నాకేం తొందరున్నది" అంది. కార్తీకం వెళ్లకముందే సంధ్య దిగింది. ఫోటో మాత్రం ఫ్రిజ్ మీద నుంచి తీయలేదు.

చలికాలంలో ఆపరేషన్ అయింది. సంధ్య ఒక వార్డులో, నేను ఇంకో గదిలో. ఆమె దగ్గర వర్షిత, నా దగ్గర మాస్కు వేసుకుని అక్క. ఇక నీళ్లు తాగొచ్చు, కావలసినన్ని తాగమని డాక్టరు చెప్పి వెళ్లాడు. అక్క గ్లాసు నింపి నా నోటికి అందించింది. మూడేళ్ల తర్వాత గ్లాసెడు నీళ్లు ఒక్క దమ్మున తాగాను. నాకు ఏడుపొచ్చింది. అక్క తన కొంగుతో నా కళ్లు తుడిచింది.

ఇంతలో ఫోన్ మోగింది. అక్క స్పీకర్ పెట్టి నా చెవి దగ్గర పట్టుకుంది. కోత నొప్పికి సంధ్య గొంతు పీలగా వస్తోంది.

"నీళ్లు తాగినవా?"

"తాగిన."

"ఎవలిచ్చిండ్రు?"

చెప్పొద్దని అక్క తల అడ్డంగా ఊపింది. నాకు అబద్ధం చేతకాదు.

"అక్క."

చింత చచ్చినా పులుపు చావదనుకున్నాను.

"ఇయ్యనీ" అంది సంధ్య. "నీళ్లు ఎవలన్న ఇస్తరు. గవి బయటికి పంపేటిది మాత్రం నాదే."

అక్క ఫోన్ మంచం మీద పెట్టి, గ్లాసు మళ్లీ అంచుదాకా నింపి నా చేతికిచ్చింది.

"తాగురా తమ్మీ. దాని కిడ్నీకి జర పని చెప్దాం."