మూడో నక్షత్రం దాకా

నా చిన్నప్పుడు నాకు పగ అంటే మహా ఇష్టం. మిగతా పిల్లలు స్టిక్కర్లు దాచుకునేవాళ్ళు, నేను పగలు దాచుకునేదాన్ని. ఎవరు ఎప్పుడు ఏమన్నారో, ఆ రోజు వాళ్ళు ఏ రంగు బట్టలు వేసుకున్నారో కూడా నాకు గుర్తుండేది. ఇది పాము పగే తల్లీ అని మా అమ్మ తల కొట్టుకునేది. ఆ గుణం పోయిందని ఇప్పుడు నేను చెప్పుకుంటే మా వారు పడీ పడీ నవ్వుతారు. పోలేదు. కాకపోతే దాంతో ఎలా కాపురం చెయ్యాలో నాకు ఒక ముసలావిడ నేర్పింది.

అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. మేము గుంటూరు నుంచి సిడ్నీ వచ్చి రెండేళ్ళయింది. మా నాన్నగారు వెస్ట్‌మీడ్‌లో డాక్టరు, ఆసుపత్రికి నడిచివెళ్ళే దూరంలో అద్దె ఇల్లు. ఇవాళ పక్క పేట హారిస్ పార్కులో అడుగడుగునా మిఠాయి కొట్లు ఉన్నాయి గానీ, ఆ రోజుల్లో మా ఇంట్లో కరివేపాకు రెబ్బ కనపడితే పండగే. తెలుగు కుటుంబాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. అందులో నాన్నగారి పై డాక్టరుగారి కుటుంబం ఒకటి. వచ్చిన కొత్తలో ఇల్లు దొరికేదాకా మూడు వారాలు వాళ్ళింట్లోనే తిన్నాం, వాళ్ళ పక్కల మీదే పడుకున్నాం. ఆ అంకుల్ కూతురిదీ నాదీ ఒకటే క్లాసు. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయను. పెద్దమనసు చేసుకుని కాదు, నా చేత్తో ఆ పేరు రాయడం ఇష్టం లేక.

వసంతకాలం వస్తే ఇక్కడి బళ్ళలో పిల్లలు బూట్ల అట్టపెట్టెల్లో పట్టుపురుగుల్ని పెంచుతారు. నా పెట్టెలో ఇరవై మూడు ఉండేవి. దారప్పోగులంత ఉన్నప్పటి నుంచి చూపుడువేలంత అయ్యేదాకా పెంచాను. వాటికి మల్బరీ ఆకు తప్ప ఇంకేమీ గిట్టదు. ఆ చెట్టు మా పక్కింటి మామ్మగారి పెరట్లో ఉండేది, అదే నా అదృష్టం. ఇక రెండు మూడు రోజుల్లో గూళ్ళు కడతాయనగా టీచరు నా పెట్టెని క్లాసులో ముందు బల్లమీద పెట్టించారు. భోజనాల గంటలో నేను నీళ్ళు తాగడానికి వెళ్ళి వచ్చేసరికి, ఆ పిల్ల చేతిలో ఈగల మందు డబ్బా ఉంది. పెట్టె మూత తెరిచి ఉంది. నన్ను చూసి డబ్బాని వెనక దాచుకుంది గానీ నవ్వు దాచుకోలేదు. సాయంత్రానికి ఇరవై మూడూ మెలికలు తిరిగి నల్లబడ్డాయి. ఇవి ఇంటి దగ్గరే జబ్బు పడ్డాయి, వీళ్ళింట్లో శుభ్రం ఉండదు అని టీచరుతో చెప్పింది కూడా ఆ పిల్లే.

ఏడుస్తూ ఇంటికి వచ్చి అంతా చెప్పాను. అమ్మ కళ్ళలో ఒక్క క్షణం నిప్పు కనిపించింది, మరుక్షణం ఆరిపోయింది. "నోరు మూసుకో. వాళ్ళ ఉప్పు తిన్నాం. రేపు మీ నాన్న ఆ అంకుల్ మొహం ఎలా చూస్తారు? పురుగుల కోసం పేచీలా?" అంది. ఆ రాత్రి అన్నం సహించలేదు. పురుగులు పోయినందుకు సగం ఏడుపు, నా తరఫున ఒక్కరూ మాట్లాడనందుకు మిగతా సగం. నా పగ నేనే తీర్చుకోవాలని ఆ రోజే తేల్చుకున్నాను.

దేవుడు నా మొర ఇంత త్వరగా ఆలకిస్తాడనుకోలేదు. రెండు వారాలు తిరక్కుండా ఒక శుక్రవారం సాయంత్రం డాక్టరు ఆంటీ కారు దిగింది. వాళ్ళు రెండు రోజులు కొండలు చూడ్డానికి పోతున్నారు. మా అమ్మాయి పెంచే పట్టుపురుగులు గూడు కట్టే దశలో ఉన్నాయి, గంట గంటకీ ఆకు కావాలి, మీకు చెట్టు పక్కనే ఉంది కదా అని అట్టపెట్టె అమ్మ చేతిలో పెట్టింది. "అయ్యో, దానికేముందండీ, మా పాప చూసుకుంటుంది, దానికి ఇవంటే ప్రాణం," అని అమ్మ నవ్వుతూ అందుకుంది. ఆ పిల్ల కారు అద్దంలోంచి నా వంక చూస్తోంది. నేను కూడా నవ్వాను. అంత తీపి నవ్వు నేను మళ్ళీ జన్మలో నవ్వలేదు.

నా ఉపాయం చాలా శుభ్రమైనది. మందు కొట్టను. ముట్టుకోను కూడా. ఆకు పెట్టను, అంతే. చంపితే పాపం గానీ పెట్టకపోతే పాపమేమిటి? మంగళవారం గుడ్డు కూడా ముట్టని ఇంట్లో పుట్టినదాన్ని, ఆ లెక్క నాకు బాగా తెలుసుననుకున్నాను. చేతికి మట్టి అంటకుండా పని అయిపోతుంది. ఆదివారానికి అవి వాడి పడి ఉంటాయి, పాపం ఏమైందో ఆంటీ అని నేను కూడా కన్నీళ్ళు పెట్టుకుంటాను. కన్నీళ్ళు ఎలా పెట్టుకోవాలో అద్దం ముందు నిలబడి అభ్యాసం కూడా చేశాను.

మామ్మగారి సంగతి చెప్పాలి. ఆవిడ యూదులావిడ. యుద్ధంలో అయినవాళ్ళందరినీ పోగొట్టుకుని, యూరప్ నుంచి ఓడెక్కి ఒంటరిగా ఈ దేశం వచ్చిందట. ఇక్కడే పెళ్ళి చేసుకుంది. వాళ్ళ మనుషులు ఎక్కువగా సముద్రం వైపు పేటల్లో ఉండేవారు. భర్త దర్జీ దుకాణం ఇటు ఉండటంతో ఆవిడ ఇక్కడ ఉండిపోయింది, ఆయన పోయాక కూడా కదల్లేదు. శుక్రవారం పొద్దుగుంకింది మొదలు శనివారం సాయంత్రం ఆకాశంలో మూడు నక్షత్రాలు కనపడేదాకా ఆవిడ పొయ్యి వెలిగించదు, లైటు స్విచ్చి నొక్కదు, చెట్టునుంచి ఆకు తుంపదు. ఫ్రిజ్ తలుపు తీస్తే దీపం వెలుగుతుందని శుక్రవారమే ఆ బల్బు విప్పి పక్కన పెట్టేది. ఏకాదశులూ శనివారాలూ చూసిన మాకు ఆ నియమాలు వింతగా అనిపించేవి కావు. నా పురుగులున్నన్నాళ్ళూ శుక్రవారం మధ్యాహ్నమే రెండు రోజులకి సరిపడా ఆకు కోసి, తడిగుడ్డలో చుట్టి నాకు ఇచ్చేది.

ఆ శుక్రవారం కూడా కంచె మీదుగా పిలిచింది. పెట్టె రావడం చూసింది కాబోలు. ఆకు కావాలా, పొద్దుగుంకితే నేను కొయ్యను అంది. మా ఇంట్లో బోలెడు ఉంది మామ్మా అని అబద్ధం చెప్పాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, సరే అని లోపలికి పోయింది.

శనివారం పొద్దున్న ఆవిడ ఇంటికి వెళ్ళడం నాకు అలవాటు. ముందురోజు కాచి ఫ్లాస్కులో పోసిన టీ, గసగసాల కేకు ఉండేవి. ఆ రోజూ కేకు ముక్క నా ముందు పెట్టింది. తన ముక్క మాత్రం ముట్టుకోకుండా, ముందు పిల్లికి పాలు పోసి వచ్చి కూర్చుంది. ఆవిడ ఎప్పుడూ అంతే, ఇంట్లో నోరులేని ప్రాణి తినందే తాను నోట్లో ఏదీ పెట్టుకోదు. అది వాళ్ళ పెద్దల నియమమట. ఇన్నాళ్ళూ నేను గమనించనే లేదు. "నీ పురుగులు తిన్నాయా?" అని అడిగింది. ఇంగ్లీషులోనే, ఆవిడ యాసలో. నావి కావు అన్నాను. ఎవరి ఇంట్లో ఉన్నాయి అంది. మా ఇంట్లో అన్నాను. నేను కేకు తుంచాను గానీ నోటిదాకా రాలేదు.

అప్పుడు బద్దలయ్యాను. ఈగల మందు, అమ్మ మౌనం, టీచరు చూపు, నా ఉపాయం అన్నీ కక్కేశాను. ఆవిడ తప్పు అనలేదు, పాపం అనలేదు. నీ కోపం సరైనదే అంది! ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే, అందుకే తర్వాతి మాటలు నాకు వినపడ్డాయి. వాళ్ళ భాషలో మనిషి లోపలి చెడ్డ కోరికకి ఒక పేరుంది, యెట్సర్ అంటారు అంది. వాణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొట్టలేం, అసలు వెళ్ళగొట్టకూడదు కూడా, వాడు లేకపోతే మనిషి పొద్దున్న లేచి పని చెయ్యడట. వాడి మెడ మీద మన చెయ్యి ఉందా, మన మెడ మీద వాడి చెయ్యి ఉందా అన్నదే చూసుకోవాలట. వాళ్ళలో బలవంతుడంటే కొండలు పిండిచేసేవాడు కాడు, వాణ్ణి పట్టి కూర్చోబెట్టగలిగేవాడు.

లేచి ఫ్రిజ్ తీసింది. దీపం వెలగలేదు. చీకట్లోంచి తడిగుడ్డ మూట తీసింది. నా అబద్ధం తెలిసి, శుక్రవారమే కోసి ఉంచింది. సిగ్గుతో తల వంచుకుని మూట అందుకున్నాను. కానీ నా బుద్ధి ఎక్కడికి పోతుంది? పెడతాను మామ్మా, పెట్టి ఆదివారం దాని మొహం మీదే చెప్తాను, నావి నువ్వు చంపావు, నీవి నేను బతికించాను, నీలాంటిదాన్ని కాదు నేను అని, అన్నాను. అందరూ వింటుండగా చెప్తానని కూడా అన్నాను.

ఆవిడ మూటని వెనక్కి లాక్కుంది. నిజంగా లాక్కుంది, ముసలి చేతుల్లో అంత బలం ఉంటుందనుకోలేదు. పెట్టకపోవడం ఒక పగ, పెట్టి దెప్పడం ఇంకో పగ, వాళ్ళలో రెండూ కూడవట. రెండోది ఉతికిన బట్టలు కట్టుకుని వస్తుంది గనక ఎవరూ గుర్తుపట్టరు అంది. ఆ మాట అస్సలు అనకూడదా అని ఏడ్చాను. అప్పుడు ఆవిడ గొంతు మెత్తబడింది. "ఎప్పటికీ అనొద్దని నేను చెప్పను. అంత బలం నీకూ లేదు, నాకూ లేదు. ఇవాళ మూడో నక్షత్రం కనపడేదాకా దాన్ని నోట్లోనే ఉంచు. తర్వాత ఇంకా కావాలా అని నిన్ను నువ్వే అడుగు," అని మూట నా చేతిలో పెట్టింది.

పురుగులకి ఆకు వేశాను. ఆకలిమీద ఉన్నాయేమో, సన్నటి వాన పడ్డట్టు చప్పుడు చేస్తూ తిన్నాయి. ప్రేమ ముంచుకొచ్చిందని అబద్ధం రాయను. ఒక్కో ఆకూ తిట్టుకుంటూ వేశాను. నావి బతికుంటే ఇంతకంటే లావుండేవి అనుకుంటూ వేశాను. అయినా గంట గంటకీ వేశాను. ఆ పిల్లని ఎలా కడిగెయ్యాలో మాటలు కూర్చుకుంటూనే సాయంత్రందాకా గడిపాను.

పొద్దుగుంకాక మామ్మ వెనక మెట్ల మీద ఇద్దరం కూర్చున్నాం. మొదటి నక్షత్రం నేనే చూశాను. రెండోది ఆవిడ చూపించింది. మూడోది మల్బరీ చెట్టు కొమ్మల వెనక చాలాసేపు దోబూచులాడి బయటపడింది. ఇంకా కావాలా అని అడిగింది. కావాలి అన్నాను, పళ్ళు నూరుతూనే. కోప్పడుతుందనుకున్నాను. "నాకూ కావాలి," అంది మామ్మ.

యుద్ధంలో, యూదుల్ని పట్టుకుపోవడానికి వచ్చిన సైనికులకి వాళ్ళ ఊళ్ళో పక్కింటి మనిషి ఒకడు వాళ్ళ తలుపు చూపించాడట. మామ్మా వాళ్ళమ్మ అతని పిల్లలకి రొట్టె పెట్టిన ఇల్లే అది. ఈ ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రతి శనివారం మూడో నక్షత్రం వచ్చాక తనని తాను అడుగుతుందట, వాడి ఉసురు ఇంకా కావాలా అని. ప్రతిసారీ కావాలి అనే జవాబు వస్తుందట. సరే, వచ్చే వారం చూద్దాం అని లేచి లోపలికి వెళ్ళి దీపం వెలిగించుకుంటుందట. నేను నా మాటని నోట్లోంచి గొంతులోకి మింగాను. చేదుగా దిగింది.

ఆదివారం వాళ్ళు వచ్చేసరికి పెట్టె మూలల్లో బంగారు రంగు గూళ్ళు మొదలయ్యాయి. మా పాప రెండ్రోజులూ కదిలితే ఒట్టండీ అని అమ్మ మురిసిపోయింది. ఆ పిల్ల పెట్టెని అటూ ఇటూ తిప్పి, నా వంక అనుమానంగా చూసి, థాంక్స్ కూడా చెప్పకుండా కారెక్కింది. పశ్చాత్తాపపడి ఏడ్చిందనీ, మేమిద్దరం ప్రాణస్నేహితులమయ్యామనీ మీరు ఎదురుచూస్తుంటే నేనేం చెయ్యను? అలా జరగలేదు. నాలుగేళ్ళకి వాళ్ళు పెర్త్ వెళ్ళిపోయారు. మామ్మ అంతకు ముందే పోయింది. ఆ చెట్టుని కొట్టేసి అక్కడ ఫ్లాట్లు కట్టారు.

మొన్న శనివారం మధ్యాహ్నం హారిస్ పార్కులో మిఠాయి కొట్టు ముందు నా భుజం మీద ఎవరో చెయ్యి వేశారు. జుట్టు తెల్లబడింది, నవ్వు అదే. కూతురి దగ్గరికి వచ్చిందట. "ఏయ్, గుర్తున్నానా? చిన్నప్పుడు నా సిల్క్‌వర్మ్స్‌ని నువ్వు ఎంత బాగా చూసుకున్నావో! మా మనవరాలికి కూడా చెప్తుంటాను," అంది. తన డబ్బా సంగతి మరిచిపోయింది. నిజంగానే మరిచిపోయింది, కళ్ళలో తెలిసిపోతోంది. నలభై ఏళ్ళ పైబడి గొంతులో ఉన్న మాట నాలిక చివరికి వచ్చింది. గడియారం చూసుకున్నాను. రెండున్నర. పొద్దుగుంకడానికి చాలా టైముంది. కాజాలు తీసుకో, ఇక్కడ బాగుంటాయి అని మాత్రం అన్నాను.

సాయంత్రం బ్లాక్‌టౌన్‌లో మా అమ్మాయి ఇంటి వెనక పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మనవడు వచ్చి "అమ్మమ్మా, వాట్ ఆర్ యు లుకింగ్ ఎట్?" అన్నాడు. నక్షత్రాలు లెక్కపెట్టరా నాన్నా, మూడు కనపడితే చెప్పు అన్నాను. వాడు మెడ వెనక్కి విరిచి, వేలు చూపిస్తూ, "వన్... టూ... అమ్మమ్మా, త్రీ!" అని అరిచాడు. ఇంకా కావాలా అని నన్ను నేను అడిగాను. కావాలి. సరే, వచ్చే వారం చూద్దాం అనుకుని, వాడి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చి లైటు వేశాను.